బాలింత దిగులు అడిగేదెవరు?

న్యూఢిల్లీ: బాలింత శరీరానికి ఒక చట్టాన్ని, మనస్సుకు మరొక చట్టాన్ని మన పార్లమెంటు ఇంచుమించు ఒకేసారి ప్రసాదించింది. ఆ రెండు బిల్లులను రాజ్యసభ 2016 ఆగస్టులో ఒకే వారంలోను, లోక్‌సభ 2017 మార్చిలోను ఆమోదించాయి. మొదటిది ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. కూలికి పోయే తల్లికి ఆ సెలవు అందదన్నది వేరే విషయం. రెండవదైన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, తల్లి చికిత్స కోసం చేరినప్పుడు మూడేళ్ల లోపు బిడ్డను సాధారణంగా ఆమె నుంచి వేరు చేయరాదని 21వ సెక్షన్‌లో శాసించింది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచే వార్డు 2009లోనే వెలసింది గనుక ఇది గాలిలో మేడ కాదు.

అయితే ఆసుపత్రి గడప దాకా వచ్చే తల్లులెందరు? చిక్కంతా అంతకు ముందే ఉన్నది.

కాన్పయిన మూడు నాలుగు రోజులకు నిష్కారణంగా కన్నీరు రావడం, చిరాకు కలగడం చాలామంది తల్లులకు అనుభవమే. రెండు వారాలు తిరిగేలోగా అది దానంతటదే సర్దుకుంటుంది. సర్దుకోనిది వ్యాధి. బిడ్డ నిద్రపోతున్నా తల్లికి కునుకు పట్టదు. అన్నం సహించదు. బిడ్డపై ధ్యాస ఉండదు, లేదా బిడ్డకేదో అవుతుందన్న భయం క్షణం వదలదు. తల్లిగా తాను పనికిరానని తనను తానే నిందించుకుంటుంది. చావు తలపు కూడా రావచ్చు. మన ఇళ్లలో ఇవి ఈ మాటలతో బయటపడవు. తలనొప్పి అంటుంది, నీరసం అంటుంది. పెద్దలు పథ్యం తప్పిందనో, గాలి సోకిందనో అంటారు. వెయ్యి కాన్పులలో ఒకరిద్దరికి వచ్చే ఉన్మాదం వేరు. నిద్ర బొత్తిగా పోయి, లేని గొంతులు వినబడి, మాటలకు పొంతన లేకుండా పోతుంది. ఆ తల్లిని బిడ్డతో ఒంటరిగా విడువక, తక్షణం ఆసుపత్రికి చేర్చాలి.

ఉన్మాదం ఊరంతటికీ తెలుస్తుంది. కుంగుబాటు ఇంటివారికే తెలియదు. డాక్టర్ విక్రమ్ పటేల్ ప్రభృతులు గోవాలో జరిపి 2002లో ప్రకటించిన పరిశీలనలో, కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలలో నూటికి 23 మంది తల్లులు దీనికి లోనైనట్లు తేలింది. పేదరికం, భర్త హింస, ఆడపిల్ల పుట్టడం ఈ ప్రమాదాన్ని పెంచే కారణాలలో ఉన్నవి. కనుక దీనిని కేవలం వైద్య సమస్య అనడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 42 రోజులలో ఆరు పర్యాయాలు వెళ్లాలన్నది ప్రభుత్వ నియమం. బిడ్డను తూచడం, జ్వరం చూడడం ఆమె విధులు. తల్లికి రక్తస్రావం ఉందా, అసంబద్ధంగా మాట్లాడుతున్నదా అని కూడా ఆమె పత్రం అడుగుతుంది. అంటే కేకలు వేసే తల్లి లెక్కకు వస్తుంది, గోడవైపు తిరిగి పడుకున్న తల్లి రాదు. నర్సు సైతం అడగగలిగిన పది ప్రశ్నల పత్రం ఎడిన్‌బరో పేరిట 1987 నుంచి ఉన్నదే.

పొరుగున పాకిస్తాన్ ఈ విషయంలో చూపిన దారి గమనార్హం. రావల్పిండి పల్లెలలో కుంగుబాటుకు లోనైన సుమారు 900 మంది గర్భిణులపై జరిగిన ప్రయోగ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. అక్కడ కొన్ని ప్రాంతాలలో లేడీ హెల్త్ వర్కర్లకు, తల్లి ఆలోచనలను మాటలతో మళ్లించే శిక్షణ ఇచ్చారు. తక్కిన చోట్ల శిక్షణ లేని కార్యకర్తలు అన్ని పర్యాయాలే వెళ్లారు. బిడ్డకు ఆరో నెల వచ్చేసరికి శిక్షణ ఉన్నచోట నూటికి 23 మంది, లేనిచోట 53 మంది కుంగుబాటులోనే ఉన్నారు. గడప తొక్కినంత మాత్రాన చాలదు, లోపల ఏమి అడిగారన్నదే తేడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతినే 2015లో పుస్తకంగా వెలువరించింది.

ఆశాల మీద ఇప్పటికే మోయలేని పని ఉన్నమాట నిజం. ఈ ప్రశ్నలు కూడా వారి నెత్తిన వేయదలచుకుంటే అందుకు శిక్షణ, తగిన వేతనం కేంద్ర ఆరోగ్య శాఖ పద్దులోనే కనబడాలి. ఈలోగా కుటుంబాలకు అందుబాటులో ఉన్నది 2022లో ప్రారంభమైన టెలీ మానస్. 14416 నంబరుకు ఫోన్ చేస్తే పగలైనా రాత్రయినా ఉచితంగా సలహా చెబుతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.