గుయ్యిమనే మోతను ఆపిన మెలిక

మామూలు డైనమిక్ మైకు ముందు నిలబడి పాడితే అందులో పుట్టే వోల్టేజి ఒకటో రెండో మిల్లీవోల్టులు. అరకు స్టేషన్‌లో పట్టాల పైన సాగే తీగలో ఉన్నది 25,000 వోల్టులు. కోటి రెట్లకు పైమాట. ధింసా ఆడే మైదానంలో ఇంకా దగ్గరి శత్రువులున్నాయి: జనరేటరు, ట్యూబులైట్ల చోకులు, స్టేజీ చుట్టూ తిప్పిన 230 వోల్టుల వైర్లు. మోరి ఊదే పాటనూ తుడుము దెబ్బనూ పట్టుకున్న ఆ రెండు మిల్లీవోల్టులు వీటన్నిటినీ దాటుకుని ఆంప్లిఫయరు దాకా చేరాలి. చేర్చేది చిటికెన వేలంత లావు కూడా లేని ఒక వైరు.

ఈ వైరు పుట్టి పెరిగిన కథంతా బయటి రొదను లోపలికి రానీయకుండా చేసిన ప్రయత్నమే. వైరు చివరలకు పిన్నులు అతికి లీడ్లు సొంతంగా కట్టుకునేవాళ్ళకు ఆ కథ తెలిస్తే కొట్టులో ఏ వైరు చుట్ట అడగాలో కూడా తెలుస్తుంది.

ఒంటి తీగ, జంట తీగ

టెలిగ్రాఫు రోజుల్లో స్తంభాల మీద ఒకే ఇనుప తీగ ఉండేది. కరెంటు వెనక్కి రావడానికి నేలే దారి. కట్టె కొట్టినట్టు చుక్కలూ గీతలూ పంపే యంత్రానికి కాస్త రొద కలిసినా నష్టం లేదు. 1876లో గ్రాహంబెల్ టెలిఫోను వచ్చాక కష్టం మొదలైంది. 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో ఎక్స్ఛేంజీలు తెరిచారు. టెలిఫోను మాటను ఎంత సున్నితంగా వింటుందో పక్క తీగల గోలనూ అంతే సున్నితంగా వింటుంది.

ఆ తర్వాత విద్యుత్ ట్రాములొచ్చాయి. ఫ్రాంక్ స్ప్రేగ్ 1888లో అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో నడిపి చూపించాడు. 1895 నాటికి మద్రాసు వీధుల్లోనూ తిరిగాయి. ట్రాము కరెంటు పట్టాల్లోంచీ నేలలోంచీ వెనక్కి వెళ్తుంది. ఒంటి తీగ టెలిఫోనూ నేలనే నమ్ముకుంది. దాంతో ట్రాము కదిలినప్పుడల్లా ఫోనులో మోత. నేలను వదిలేసి తిరుగు దారికి రెండో తీగ వేయడమే దీనికి విరుగుడని తేలింది.

అయితే పక్కపక్కన సాగే రెండు తీగల్లో ఒకటి రొదకు దగ్గరగా, ఒకటి దూరంగా ఉంటుంది. దానికి మందు బెల్ దగ్గర అప్పటికే ఉంది. రెండు తీగలనూ ఒకదానితో ఒకటి మెలిపెట్టే పద్ధతికి 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. మెలి తిరిగిన జంటలో ఈ అంగుళంలో దగ్గరున్న తీగ వచ్చే అంగుళంలో దూరమవుతుంది. చివరికొచ్చేసరికి రెండు తీగల్లోనూ చేరిన రొద సమానం. కావడికున్న రెండు కుండల్లోనూ వాన సమానంగా పడితే బద్ద ఎటూ ఒరగదు. ఒక కుండలో నీళ్ళు పోస్తేనే ఒరుగుతుంది. ఆంప్లిఫయరు చూసేది ఆ ఒరుగునే. మైకు శబ్దం రెండు తీగల్లో ఎదురెదురుగా వస్తుంది కాబట్టి నిలుస్తుంది. రొద రెండింటిలో ఒకేలా వస్తుంది కాబట్టి కొట్టుకుపోతుంది. దీన్నే బ్యాలెన్స్‌డ్ లైన్ అంటున్నాం.

ఇంకో దారిని ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ 1880లో పేటెంటు చేశాడు. నడుమ ఒక తీగ, దాని చుట్టూ గొట్టంలా రెండోది. ఇదే కోయాక్సియల్. మనం ‘షీల్డ్ వైరు’ అని కొనే సన్నటి కేబుల్ దీని వంశమే. ఈనాటి మైకు కేబుల్లో ఇద్దరి ఆలోచనలూ ఉన్నాయి: లోపల బెల్ మెలిక, పైన హెవిసైడ్ తొడుగు.

కొండ రైలు నేర్పే పాఠం

బైలదిల్లా గనుల ఇనుప రాయిని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండోల్ మార్గం అనంతగిరి కొండల్లో సొరంగాలు దాటుకుంటూ బొర్రా మీదుగా అరకు చేరుతుంది. 1980ల తొలి ఏళ్ళలో దీనికి 25 కిలోవోల్టుల, 50 హెర్ట్జ్ విద్యుత్తు ఇచ్చారు. మూడు మెగావాట్ల ఇంజను గుంజే కరెంటు 120 ఆంపియర్లు. ఘాట్లో రెండు మూడు ఇంజన్లు కలిసి లాగితే ఆ లెక్క పెరుగుతుంది. పైతీగలో వెళ్ళిన ఆ కరెంటు పట్టాల్లోంచి, కొంత నేలలోంచి వెనక్కి వస్తుంది. ట్రాము కథే, చాలా పెద్ద ఎత్తున. అందుకే ఏ మార్గానికి విద్యుత్తు ఇచ్చినా, పట్టాల వెంట స్తంభాలపై ఉన్న టెలిఫోను తీగలను తీసి భూమిలో కేబుళ్ళుగా వేయడం ఆ పనిలో భాగంగా ఉండేది.

ఇక్కడొక తేడా గమనించాలి. రాగి తొడుగు ఆపేది విద్యుత్ క్షేత్రాన్ని. పెద్ద కరెంటు చుట్టూ పుట్టే 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రానికి పల్చటి రాగి అడ్డే కాదు; అది లోపలికి వస్తుంది. దాన్ని కొట్టేసేది మెలిక ఒక్కటే. ‘స్టార్ క్వాడ్’ కేబుల్లో రెండు తీగలకు బదులు నాలుగు మెలి తిప్పి, ఎదురెదురుగా ఉన్నవాటిని జత చేస్తారు. జనరేటరు పక్కనుంచో, లైట్ల వైర్ల వెంబడో మైకు కేబుల్ లాగక తప్పని చోట దానికి పెట్టే ఖర్చు దండగ కాదు. ఖర్చు లేని జాగ్రత్త కూడా ఉంది. కరెంటు వైరు పక్కన మైకు కేబుల్‌ను సమాంతరంగా పరవకూడదు. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించాలి.

ఏ పనికి ఏది

మూడు ప్రశ్నలు వేసుకుంటే ఎంపిక తేలుతుంది: అటు చివర ఏముంది, ఇటు చివర ఏముంది, మధ్య దూరమెంత?

షీల్డ్ వైరు లోపలి తీగకూ తొడుగుకూ మధ్య కెపాసిటెన్స్ ఉంటుంది; అది ఎక్కువ హెర్ట్జ్‌ల సన్నటి శబ్దాలను మింగేస్తుంది. మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌లు అనుకుందాం. గిటారు పిక్‌అప్ లాంటి ఎక్కువ ఇంపెడెన్స్ వస్తువును 10 కిలోఓమ్‌ల మూలంగా లెక్కిస్తే, 10 మీటర్ల లీడులో దాదాపు 16,000 హెర్ట్జ్ దగ్గర శబ్దం తగ్గడం మొదలవుతుంది. అదే 30 మీటర్లయితే 5,300 హెర్ట్జ్ దగ్గరే తగ్గుతుంది. వాయిద్యం దుప్పటి కప్పుకుని పలుకుతుంది. 200 ఓమ్‌ల మైకుకు అదే 30 మీటర్ల కేబుల్ కట్టినా ఆ హద్దు రెండున్నర లక్షల హెర్ట్జ్‌కు పైనే. మన చెవి హద్దు 20,000. కాబట్టి వాయిద్యం లీడు పొట్టిగా ఉండాలి, కెపాసిటెన్స్ తక్కువున్న కేబుల్ కావాలి. ఇక్కడే 1933లో ఇంగ్లండులో ఐసీఐ ప్రయోగశాలలో దొరికిన పాలిథీన్ పనికొచ్చింది; రబ్బరు, పీవీసీల కంటే దానితో చేసిన ఇన్సులేషన్లో కెపాసిటెన్స్ తక్కువ. మైకుకైతే మెలి తిరిగిన జంట, పైన తొడుగు, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ చాలు. ఒకటో పిన్నుకు తొడుగు, రెండు మూడు పిన్నులకు జంట తీగలు.

ఆంప్లిఫయరు నుంచి హారన్ స్పీకరుకు వెళ్ళే వైరు లెక్క వేరు. ఇక్కడ సిగ్నలు బలమైనది, తొడుగు అక్కర్లేదు, కావలసింది రాగి. చదరపు మిల్లీమీటరు వైరుతో 200 మీటర్ల అవతలి చెట్టుకు 8 ఓమ్‌ల స్పీకరు కట్టామనుకోండి. రానుపోను 400 మీటర్ల రాగి, దాదాపు 7 ఓమ్‌లు. పవరులో సగానికి దగ్గర వైరే తినేస్తుంది. అందుకే దూరపు హారన్‌లకు మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టి 100 వోల్టుల లైను నడుపుతారు. 30 వాట్ల హారన్ అప్పుడు 333 ఓమ్‌ల్లా కనిపిస్తుంది. అదే వైరులో పోయేది నూటికి రెండు వంతులే.

తొడుగుల్లోనూ రకాలున్నాయి. అల్యూమినియం రేకు తొడుగు సందు లేకుండా కప్పుతుంది. కానీ రేకు మడతలు పడేకొద్దీ చిరుగుతుంది. గోడలో స్థిరంగా ఉండే వైరుకది సరి. ఊరూరా తిరిగే మైకుసెట్టుకు అల్లిన రాగి తొడుగే మేలు, కళాయి పూత ఉన్న రాగి అయితే తేమకు ఆకుపచ్చగా చిలుము పట్టడం తగ్గుతుంది. వానలూ మంచూ ఎక్కువున్న అరకులో ఇది చిన్న విషయం కాదు. చలికాలపు తెల్లవారుజామున గట్టి పీవీసీ కర్రలా బిగుసుకుంటుంది, మెత్తటి పైపొర ఉన్న కేబుల్ వంగుతుంది. ఏ కేబుల్‌నైనా మోచేతికి చుడితే ప్రతి చుట్టుకూ ఒక మెలి ఎక్కి లోపలి అల్లిక విరుగుతుంది. నేల మీద వదులు చుట్టలుగా వేయాలి.

ఆక్సిజన్ లేని రాగి, బంగారు పూత అంటూ వేలల్లో ధర చెప్పే కేబుళ్ళకు మైకుసెట్టులో పనిలేదు. ఆ డబ్బు గట్టి పిన్నుకూ, వైరును బిగించి పట్టే క్లాంపుకూ పెట్టాలి. లీడు పాడయ్యేది ఎక్కువగా పిన్ను మెడ దగ్గరే. తగరం, సీసం కలిసిన టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పాలిథీన్ నూరు దాటగానే మెత్తబడుతుంది. కాబట్టి వేడి చూపించి చప్పున తీసేయాలి. రేకు పనివాళ్ళు వాడే ఆసిడ్ కాకుండా రోజిన్ ఉన్న టంకమే వాడాలి, లేకుంటే నెలల్లో అతుకు తుప్పు పడుతుంది.

సొంతంగా కట్టుకోవడంలో అసలు లాభం ధరలో కన్నా మరమ్మతులో ఉంది. పిన్నుకు ప్లాస్టిక్ పోతపోసిన రెడీమేడ్ లీడు తెగితే పారేయడమే. మరతో విప్పే పిన్నయితే తెగిన జానెడు కత్తిరించి, మళ్ళీ అతికి, అదే సాయంత్రం వాడుకోవచ్చు. విశాఖ కొట్లు వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఊళ్ళో, ఆదివాసుల ఇటుకల పండుగ మొదలవబోయే గంటలో, మంచి కేబుల్ అంటే మన చేత్తో బాగుచేసుకోగలిగినదే.