లాగోస్ నుంచి నైరోబీకి ఎన్ని గంటలు? దూరాన్ని స్పీడ్‌తో భాగిస్తే ఆన్సర్ ఎందుకు తప్పుతుంది

మా బావ నైజీరియాలోని లాగోస్‌లో జాబ్ చేస్తాడు. ఇంటికి రావడానికి లాగోస్ - నైరోబీ, నైరోబీ - ముంబై అని రెండు వేర్వేరు టికెట్లు చూస్తూ ఫోన్ చేశాడు. "ఇక్కడ ఉదయం పదింటికి బయల్దేరితే నైరోబీలో సాయంత్రం నాలుగున్నర ఫ్లైట్ అందుతుందా?" అని అడిగాడు. నేను గూడూరులో ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు ఉన్నా. చిన్న పైథాన్ కోడ్ రాసేసి, "రెండున్నరకే దిగిపోతావు బావా, బుక్ చేసెయ్" అన్నాను. అది తప్పు. మనలో చాలామంది ఇదే లెక్క వేస్తుంటాం కాబట్టి, ఎక్కడ తప్పానో చెబుతాను.

దూరం వరకు కరెక్టే

రెండు ఎయిర్‌పోర్ట్‌ల అక్షాంశ, రేఖాంశాలు తీసుకుని, భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు అనుకుని హావర్‌సైన్ ఫార్ములాలో వేస్తే సుమారు 3,840 కిలోమీటర్లు వస్తుంది. గుండ్రటి భూమి మీద రెండు పాయింట్ల మధ్య అతి దగ్గర దారి ఇదే. దీన్ని గ్రేట్ సర్కిల్ అంటారు. హైదరాబాద్ నుంచి అమెరికాకు ఈ దారి మ్యాప్‌లో ఉత్తరం వైపు బాగా వంగి కనిపిస్తుంది. లాగోస్, నైరోబీ రెండూ భూమధ్యరేఖ దగ్గరే ఉన్నాయి కాబట్టి ఇక్కడ దాదాపు స్ట్రెయిట్ లైనే.

మొదటి తప్పు: మధ్యలో స్పీడే చూశాను

జెట్ విమానం పైన గంటకు సుమారు 850 కిలోమీటర్లు వెళ్తుంది. భాగిస్తే నాలుగున్నర గంటలు. కానీ టికెట్ మీద టైమ్ గేట్ నుంచి గేట్ దాకా లెక్క. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా వెళ్లడం, పైకి ఎక్కడం, దిగడం అన్నీ ఇందులోనే. ఓ అరగంట కలిపితే ఐదు గంటలు.

మన గన్నవరం - శంషాబాద్ చూడండి. గాల్లో దూరం సుమారు 264 కిలోమీటర్లు. 850తో భాగిస్తే 19 నిమిషాలు! కానీ టికెట్ మీద గంట అటూఇటూ ఉంటుంది. దూరం తక్కువైతే విమానం ఫుల్ స్పీడ్‌లో ఉండే టైమ్ కూడా తక్కువే. పైగా చిన్న ఏటీఆర్ అయితే దాని స్పీడే గంటకు సుమారు 500 కిలోమీటర్లు.

రెండో తప్పు: గడియారం

అసలు దెబ్బ ఇక్కడే. నైజీరియా యూటీసీకి 1 గంట ముందు, కెన్యా 3 గంటలు ముందు. లాగోస్‌లో మధ్యాహ్నం 3 అంటే నైరోబీలో సాయంత్రం 5. అప్పటికి నాలుగున్నర ఫ్లైట్ ఎగిరిపోయి ఉంటుంది! టికెట్ మీద టైమ్‌లు ఎప్పుడూ ఏ ఊరివి ఆ ఊరి లోకల్ టైమ్‌లే. అందుకే వెళ్లేటప్పుడు 7 గంటలు, తిరిగొచ్చేటప్పుడు 3 గంటలు పట్టినట్టు కనిపిస్తుంది. ప్రయాణం మాత్రం రెండు వైపులా ఐదు గంటలే.

కాబట్టి లెక్క ఇలా వేయండి: దూరం భాగించు 850, ప్లస్ అరగంట, ఆపైన టైమ్ జోన్ తేడా. తూర్పుకి వెళ్తే కలపాలి, పడమరకి వెళ్తే తీసేయాలి. ఫోన్ క్లాక్ యాప్‌లో రెండు ఊర్లూ యాడ్ చేసుకుంటే తేడా వెంటనే కనిపిస్తుంది. వేర్వేరు టికెట్లయితే లగేజ్ తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి రావచ్చు, ఆ టైమ్ కూడా ఉంచుకోండి.

అదృష్టం కొద్దీ బావ డబ్బు కట్టే ముందు అరైవల్ టైమ్ చూసుకున్నాడు. "ఒరేయ్, నీ కోడ్ నమ్మితే నైరోబీ ఎయిర్‌పోర్ట్‌లోనే పడుకునేవాణ్ని" అని నవ్వి, మర్నాటి ఫ్లైట్ తీసుకున్నాడు. నేను కోడ్‌లో టైమ్ జోన్ లైన్ యాడ్ చేశాను.