పనిముట్టుకు పేటెంట్ వేస్తున్నారా? డిజిటల్ సంతకం విషయంలో జాగ్రత్త

బ్రహ్మంగారిమఠం, మైదుకూరు వైపు పసుపు, ఉల్లి వేసే రైతుల్లో పనిముట్లు సొంతంగా తయారుచేసుకునేవారు ఉంటారు. పసుపు కడిగే యంత్రమో, ఉల్లినారు నాటే పరికరమో నిజంగా కొత్తదైతే పేటెంట్ అడగవచ్చు. సాగు పద్ధతికి, విత్తనానికి మాత్రం ఇవ్వరు. పేటెంట్ చట్టం 3వ సెక్షన్ వాటిని మినహాయించింది. కొత్త వంగడమైతే 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద నమోదు చేసుకోవాలి.

మన రాష్ట్రం దరఖాస్తులు చెన్నై పేటెంట్ కార్యాలయం పరిధిలోకి వస్తాయి. రైతు స్వయంగా వేస్తే రెండు దారులున్నాయి. కాగితం మీద సంతకం చేసి పంపితే మొదటి ఫీజు రూ.1,750, ఆన్‌లైన్‌లో అయితే రూ.1,600. పేటెంట్ ఏజెంటు మాత్రం ఆన్‌లైన్‌లోనే వేయాలి. ఏ పత్రానికైనా అసలు ప్రతి కావాలని కార్యాలయం అడిగితే ఆయన దాన్ని 15 రోజుల్లో చేర్చాలి. చేర్చకపోతే ఆ పత్రాలు దాఖలు కానట్టే లెక్క.

కాగితం మీది సంతకాన్ని ఫొటో తీసి అతికిస్తే అది డిజిటల్ సంతకం కాదు. క్లాస్-3 సర్టిఫికెట్ కావాలి. క్లాస్-2 సర్టిఫికెట్లు ఇవ్వడం 2021 జనవరి నుంచి ఆపేశారు. ఈముద్ర వంటి లైసెన్సు ఉన్న సంస్థలు గుర్తింపు పత్రాలు, వీడియో ద్వారా మిమ్మల్ని నిర్ధారించుకుని ఇస్తాయి. అది పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో ఉంటుంది, పిన్ నంబరు కొడితేనే పనిచేస్తుంది. సంతకం పడ్డాక పత్రంలో ఒక్క అక్షరం మార్చినా బయటపడుతుంది.

ఇక్కడే అసలు ప్రమాదం. 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం ఈ సంతకం చేవ్రాలుతో సమానం. టోకెన్, పిన్ నెట్ సెంటర్‌లో వదిలేస్తే ఖాళీ కాగితం మీద సంతకం చేసి ఇచ్చినట్టే. పైగా పత్రాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి, తెలుగులో తీసుకోరు. అందుకే ఫారం-1లో దరఖాస్తుదారు, ఆవిష్కర్త అని ఎవరి పేర్లు రాశారో నమ్మకమైన వారితో చదివించుకున్నాకే పిన్ కొట్టండి. ఒక్క దరఖాస్తు కోసం టోకెన్ కొనడం కంటే కాగితం దారే మేలని మా అభిప్రాయం, ఫీజులో తేడా 150 రూపాయలే.

యంత్రం పూర్తిగా సిద్ధం కాకపోయినా తాత్కాలిక వివరణతో దరఖాస్తు వేసి, 12 నెలల్లో పూర్తి వివరణ ఇవ్వవచ్చు. అది వేసేదాకా యూట్యూబ్‌లోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ యంత్రం వీడియో పెట్టకండి. ఖర్చు భరించలేనివారు గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌కు రాయండి. గ్రామీణ ఆవిష్కర్తల తరఫున ఆ సంస్థ పేటెంట్లు వేయిస్తుంది.