కునికే కోడి – కారణాన్వేషణ

నల్లమల అడవుల చెంత, తెలుగుగంగ జలాశయం ప్రక్కన వెలసిన ఊరు వెలుగోడు. నంద్యాల జిల్లాలోని ఇటువంటి ఊళ్ళలో పెరటికోడి పేదయింటి పొదుపు సొమ్ము వంటిది. దాని గుడ్లు పిల్లలకు పుష్టినిస్తాయి. అవసరానికి పెట్టను అమ్మితే చేతికి డబ్బు వస్తుంది. అట్టి పెట్ట ఒకనాడు మేత మాని, ఈకలు ఉబ్బించుకొని, రెక్కలు వ్రేలాడవేసి మూలన కునికితే ఇంటివారికి దిగులు కలగడం సహజం. అయితే కునుకు వ్యాధి కాదు, లక్షణం మాత్రమే. దాని వెనుక అనేక కారణాలు ఉండవచ్చు. వాటిని ఒక్కొక్కటిగా తోసిపుచ్చుతూ అసలు కారణాన్ని గుర్తించాలి.

మొదట సహజ కారణాలను పరిశీలించాలి. పొదుగుకు వచ్చిన పెట్ట కూడా కదలక కూర్చుంటుంది. కాని చేయి చాపితే ఈకలు విప్పి పొడవబోతుంది. జబ్బుకోడి ఎదిరించక చేతికి చిక్కుతుంది. కోడికి స్వేదగ్రంథులు లేవు. అందువల్ల మండువేసవిలో అది నోరు తెరచి రొప్పుతుంది. నీడ, చల్లని నీరు లభిస్తే తేరుకొంటుంది. చల్లని వేకువలోనూ కునుకుతుంటే ఎండ ఒక్కటే కారణం కాదు.

తరువాత చేతితో పరీక్షించాలి. మెడ క్రింద మేత నిలిచే సంచి తెల్లవారేసరికి ఖాళీ కావాలి. గట్టిగా ఉంటే మేత అడ్డుపడిందన్నమాట. రొమ్ము ఎముక కత్తిలా తగిలితే జబ్బు పాతదని, నులిపురుగులు ఉండవచ్చునని అనుమానించాలి. జుట్టు పాలిపోతే ఈకల క్రింద రక్తం పీల్చే పిడుదులకై వెదకాలి. రెట్టలో రక్తం కనిపిస్తే రక్తపారుడు కావచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, కునుకుతున్నది ఒక్క కోడియా, పలు కోళ్ళా అన్నది. పలు కోళ్ళు ఒక్కసారి కునికి, ఆకుపచ్చగా పారి, మెడలు తిరిగిపోతే అది కొక్కెర తెగులు కావచ్చు. 1926లో జావాలోనూ, ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ గుర్తించిన ఈ వైరస్ వ్యాధికి మన దేశంలో హిమాలయ ప్రాంతపు రాణీఖేత్ పేరు స్థిరపడింది. దీనికి చికిత్స లేదు. మొదటి వారంలో లసోటా టీకా, సుమారు ఎనిమిది వారాలకు ఆర్‌టుబి టీకా వేయించడమే రక్షణ. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ బయటపడింది. కోళ్ళు హఠాత్తుగా మరణిస్తే వట్టి చేతులతో తాకక వెంటనే పశువైద్యునికి తెలపాలి. చచ్చేలోగా అమ్ముదామని జబ్బుకోడిని సంతకు తీసుకొనిపోతే ఒక ఇంటి నష్టం పది ఊళ్ళ నష్టమవుతుంది.

ఓపికతో చేసిన పరిశీలన ఎంత దూరం తీసుకొనిపోగలదో తెలిపే ఉదంతం ఒకటి ఉంది. 1890వ దశకంలో జావాలో పనిచేసిన డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ తన కోళ్ళు కాళ్ళు పట్టుతప్పి కూలబడటం చూచి, సూక్ష్మజీవులే కారణమని మొదట భావించాడు. మేత మారిన రోజులతో పోల్చి చూడగా, పాలిష్ పట్టిన బియ్యపు అన్నం తిన్నప్పుడే అవి జబ్బుపడినట్లు, తవుడు పోని బియ్యం తిన్నప్పుడు కోలుకొన్నట్లు తేలింది. మనుషులను పీడించిన బెరిబెరి వ్యాధి మూలాన్ని గ్రహించడానికి ఆ కోళ్ళే దారి చూపాయి. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి లభించింది.

కనుక కోడి కునికిన వెంటనే దానిని మంద నుండి వేరుచేసి, నీరు అందుబాటులో ఉంచి, మేత, రెట్ట, నడక గమనించి, ఆ వివరాలతో పశువైద్యుని సంప్రదించాలి. కారణం తెలియక వేసే మందు కంటే కారణం తెలిపే గమనింపు మేలు.