గడ్డకట్టిన ఎలుక

నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం గాని, పాము ఆహారం పాలు కాదు, ఎలుకలూ, కప్పలూ. అమెరికా, బ్రిటన్‌లలో పాముల్ని పెంచేవారు చంపి గడ్డకట్టించిన ఎలుకల్ని కొని దాచుకుంటారు. బ్రతికున్న ఎలుక పామునే కరుస్తుంది మరి! (మన దేశంలో నాగుపాము వంటివాటిని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.)

ఎలుకల్ని సున్నాకు దిగువన 18 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో ఉంచుతారు. ఆ చలికి సూక్ష్మజీవులు పెరగవు. అయితే అన్నీ చావవు కూడా! 2008, 2009లలో బ్రిటన్‌లో సాల్మొనెల్లా సోకి వందలమంది జబ్బుపడ్డారు. వారిలో పిల్లలే ఎక్కువ. ఆరా తీస్తే, పాముల కోసం అమెరికా నుంచి తెచ్చిన గడ్డకట్టిన ఎలుకలే కారణమని తేలింది. అందుకే వాటిని మనం తినే పదార్థాలున్న ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మరి మంచి ఎలుకను గుర్తించడమెలా? సంచిలో మంచుపలుకులు మరీ ఎక్కువగా ఉంటే, అది మధ్యలో కరిగి మళ్ళీ గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. చర్మంపై తెల్లని ఎండు మచ్చలుంటే? కర్పూరం కరగకుండానే తరిగిపోవడం మీరు చూశారు కదా! మంచూ అంతే. దీన్నే ఉత్పతనం అంటారు. ఎలుక ఒంట్లోని మంచు అలా ఆవిరైపోతే చర్మం ఎండుతుంది. గాలి చొరని సంచిలో కడితే ఈ నష్టం తగ్గుతుంది. నెలల తరబడి దాచితే కొవ్వు ముక్కిపోతుంది, ఇ-విటమిన్ తరుగుతుంది. కరిగించాక పొట్ట పచ్చబడినా, కుళ్ళు వాసన వేసినా పారవేయాల్సిందే.

కరిగిన ఎలుకను సంచితో సహా గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచుతారు. బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువకు పెదవుల అంచున వేడిని పసిగట్టే గుంటలుంటాయి. ఎలుక చల్లగా ఉంటే దానిని ఆహారంగా గుర్తించక వదిలేయవచ్చు!