ఏప్రిల్ ఒకటిన పుట్టిన తమ్ముడు

మా తమ్ముడు పుట్టింది 2019 ఏప్రిల్ 1న. ఆ తెల్లవారుజామున నాన్న ఫోన్ చేసి చెబితే బాబాయి నమ్మలేదట. ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారనుకుని మళ్ళీ పడుకున్నాడట. ఆరేళ్ళ తరువాత అదే తేదీ మా ఇంట్లో ఇంకో గందరగోళం తెచ్చింది. అందులో తప్పు తేదీది కాదు, నాది, నేను రాసిన పైథాన్ ప్రోగ్రాముది.

2025 మార్చిలో నాన్నకి విశాఖపట్నం నుంచి జోధ్‌పూర్ బదిలీ అయింది. పెట్టెలు కట్టడం, టీసీలు తీసుకోవడం, కొత్త క్వార్టర్‌లో ఫ్యాను తిరుగుతుందో లేదో చూసుకోవడం మనకెవరికీ కొత్త కాదు. ఈసారి కొత్త సంగతి తమ్ముడి అడ్మిషన్. కేంద్రీయ విద్యాలయంలో ఒకటో తరగతిలో చేరాలంటే ఆ ఏడాది మార్చి 31 నాటికి ఆరేళ్ళు నిండాలి. నేను పదకొండో తరగతి, కంప్యూటర్ సైన్స్. "ఆ లెక్క నాకు వదిలేయండి" అన్నాను.

పైథాన్‌లో తేదీల కోసం డేట్‌టైమ్ అనే మాడ్యూల్ ఉంది. సంవత్సరం, నెల, రోజు వరసగా ఇస్తే ఒక తేదీ తయారవుతుంది. ఒక తేదీలోంచి ఇంకో తేదీని తీసేస్తే వచ్చేది తేదీ కాదు, వ్యవధి. దాన్ని టైమ్‌డెల్టా అంటారు. ఊరికీ, రెండు ఊళ్ళ మధ్య దూరానికీ ఉన్న తేడాయే తేదీకీ, వ్యవధికీ. రెండు తేదీలని కూడమంటే పైథాన్ ఒప్పుకోదు. విశాఖపట్నాన్నీ జోధ్‌పూర్‌నీ కూడితే ఏం వస్తుంది?

2025 మార్చి 31 లోంచి 2019 ఏప్రిల్ 1 తీసేశాను. 2191 రోజులు వచ్చింది. 365తో భాగిస్తే 6.0027. ఆరు నిండిపోయింది! అమ్మకి చూపించాను. పక్క క్వార్టర్ ఆంటీ కూడా విని, తన కూతురి సంగతి చూడమంది. ఆ పాప పుట్టింది 2019 ఏప్రిల్ 2న. 2190ని 365తో భాగిస్తే సరిగ్గా 6. "అయిపోయింది ఆంటీ, ఫారం నింపేయండి" అని చెప్పేశాను.

రాత్రి పడుకున్నాక లీపు సంవత్సరాలు గుర్తొచ్చాయి. మధ్యలో 2020, 2024 ఉన్నాయి కదా! అసలు ఆరేళ్ళకి 2192 రోజులు కావాలి. లేచి 365 బదులు 365.25 పెట్టాను. తమ్ముడి వయసు అయిదుకి పడిపోయింది. పోనీ ఇదైనా సరైన పద్ధతా అంటే కాదు. మొదటి పుట్టినరోజు చేసుకుంటున్న పాపాయికి 365 రోజులు నిండి ఉంటే, 365.25తో భాగించి పూర్ణాంకం తీసుకున్నప్పుడు వయసు సున్నా వస్తుంది.

అప్పుడర్థమైంది, ఏడాది అంటే ఇన్ని రోజులని ఒక్క అంకెతో చెప్పలేమని. టైమ్‌డెల్టాకి వారాలు, రోజులు, గంటలు, నిమిషాలు ఇవ్వవచ్చు గానీ నెలలు, సంవత్సరాలు ఇవ్వడానికి వీల్లేదు. మొదట అది పైథాన్ లోపమనుకున్నాను. కానీ జనవరి 31కి ఒక నెల కలిపితే ఏ తేదీ? ఫిబ్రవరి 28 అనాలా, మార్చి 3 అనాలా? బ్యాంకువాళ్ళు ఒకటంటారు, హాస్టల్ వాళ్ళు ఇంకోటంటారు. 2024 ఫిబ్రవరి 29 తీసుకుని అందులో సంవత్సరం మాత్రం 2025గా మార్చమంటే పైథాన్ వాల్యూఎర్రర్ చూపించి ఆగిపోతుంది. తెలియనప్పుడు ఊహించి చెప్పకుండా ఆగిపోవడం నాకు నచ్చింది. నేను అలా ఆగలేదు కదా.

వయసుకి అందరూ వాడే పద్ధతి వేరు. సంవత్సరంలోంచి సంవత్సరం తీసెయ్యాలి. ఈ ఏడాది పుట్టినరోజు ఇంకా రాకపోతే ఒకటి తగ్గించాలి. 2025 లోంచి 2019 పోతే 6. మార్చి 31 నాటికి ఏప్రిల్ 1 రాలేదు కాబట్టి 5. ఈ పద్ధతిలో తప్పేమీ కనిపించలేదు. ఒక్క రోజు తేడాతో వాడికి ఏడాది పోతుంది. పొద్దున్న అమ్మకి చెబితే టీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

నాన్న మాత్రం ప్రవేశ నియమాల కాగితం మొత్తం చదివారు (నేను పైవరస చదివి వదిలేశాను). ఏప్రిల్ 1న పుట్టిన పిల్లల్నీ పరిగణించాలని అందులోనే ఉంది. "ఇదేం దయ కాదు, లెక్కే" అన్నారు నాన్న. "తాతయ్య పుట్టింది జూలై 1న. రిటైరైంది ఎప్పుడు?"

జూన్ 30న. నెల మొదటి తేదీన పుట్టిన ఉద్యోగి అంతకుముందు నెల ఆఖరి రోజునే రిటైరవుతారు. ఎందుకంటే పుట్టిన రోజు కూడా జీవితంలో ఒక రోజే. ఏప్రిల్ 1 నుంచి లెక్క మొదలుపెడితే ఏడాదిలో చివరి రోజు మార్చి 31. ఆ రోజు ముగిసేసరికి ఏడాది నిండినట్టే. ఏప్రిల్ 1 తరువాతి ఏడాదికి మొదటి రోజు. అమ్మమ్మ పదకొండో రోజు బారసాల లెక్క కూడా పుట్టిన రోజును ఒకటిగా పెట్టుకునే చెబుతుంది.

ప్రోగ్రాములో తీసివేత మధ్య దూరాన్నే లెక్కపెడుతుంది. చెయ్యి చాపి చూడండి, వేళ్ళు అయిదు, మధ్య సందులు నాలుగే. 10వ తేదీ నుంచి 14 వరకు సెలవు పెడితే తీసివేతలో 4 వస్తుంది, సెలవు ఖాతాలో 5 రోజులు పోతాయి. వేళ్ళు కావాలో, సందులు కావాలో ముందే తేల్చుకోవాలి.

దిద్దుబాటు ఒక్క వరసే. "మార్చి 31 నాటికి" అంటే ఆ రోజు ముగిసేసరికి అని అర్థం కాబట్టి, దానికి ఒక రోజు వ్యవధి కలిపి, వచ్చిన ఏప్రిల్ 1తో పోల్చాను. తమ్ముడికి 6 వచ్చింది. ఆంటీ కూతురికి 5.

ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా సర్వర్లు గ్రీనిచ్ గడియారానికి సరిపోయే యూటీసీ సమయంలో నడుస్తాయి. మన గడియారం దానికన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది. తమ్ముడు పుట్టింది తెల్లవారుజామున 3.40కి. యూటీసీలో అది మార్చి 31 రాత్రి 10.10. పుట్టిన తేదీని ఏప్రిల్ 1 అర్ధరాత్రి 12 గంటలుగా దాచి యూటీసీలోకి మార్చినా మార్చి 31 సాయంత్రం 6.30 అవుతుంది. ఎవరైనా అందులోంచి గంటలు తీసేసి తేదీ మాత్రం చూస్తే పుట్టినరోజే మారిపోతుంది. అందుకే పుట్టిన తేదీని గంటల్లేకుండా ఉత్త తేదీగానే దాచాలి. రాయడం కూడా 2019-04-01 అని సంవత్సరం ముందు పెట్టి రాస్తే మేలు. 01/04/2019 మనకి ఏప్రిల్ 1, అమెరికా వాళ్ళకి జనవరి 4.

ఇక ఆంటీకి చెప్పాలి. అమ్మ వెంట వస్తానంది, వద్దన్నాను. తలుపు తీసేసరికి ఆ పాప కొత్త బ్యాగు తగిలించుకుని ఇంట్లో తిరుగుతోంది. నా లెక్క తప్పని, 2వ తేదీకి వర్తించదని, ఎందుకో కాగితం మీద గీసి చూపించాను. ఆంటీ చాలాసేపు ఆ కాగితం చూసి, "ఒక్క రోజా, బేటా?" అంది.

"అవును ఆంటీ, ఒక్క రోజే."

ఇప్పుడు నా ప్రోగ్రాములో వయసు లెక్క కింద మూడు తేదీలు ఉంటాయి, మార్చి 31, ఏప్రిల్ 1, ఏప్రిల్ 2. ఏదైనా మార్చినప్పుడు ముందు ఆ మూడింటికీ నడిపి చూస్తాను. ఆ పాప ఈ ఏడాది ఒకటో తరగతిలో చేరింది. బ్యాగు మాత్రం పాతదే.