వెలకు మించిన ఆటగాడు

ఆటగాని వెల ఆతడు ఆడబోవు ఆటనుబట్టి కట్టబడదు. ఆడియున్న ఆటనుబట్టి కట్టబడును. కొనువానికి కావలసినదో, ఆడబోవు ఆట. ఈ రెండింటి నడుమ నున్న ఎడములోనే లాభనష్టములు దాగియున్నవి. వేలములో కోట్లు వెచ్చించు జట్టు యజమానికిని, శివరాత్రికి తుమకూరు సిద్ధగంగ జాతరలో ఎద్దులను బేరమాడు రైతునకును ఈ చిక్కు ఒక్కటే. ఎద్దు నిరుడు ఎంత దున్నెనో అమ్మువాడు చెప్పును. ఏరువాకకు ఎంత దున్నునో కొనువాడు కనిపెట్టవలెను. అందుకే ఆతడు పళ్లు చూచును, సుడులు చూచును, తుదకు కాడి కట్టి నాలుగడుగులు నడిపించి చూచును. ఆటకాలము ఆరంభమగుటకు ముందు జరుగు సన్నాహపు పోటీలు ఆ నాలుగడుగుల నడక వంటివి. ఆ నడకలో ఏమి నమ్మవచ్చును, ఏమి నమ్మరాదు అనునదియే ఈ వ్యాసమున వివరింపదలచిన విషయము.

మొదట ఒక తెలుగువాని లెక్క చూతము. విశాఖపట్టణమునకు చెందిన నితీశ్ కుమార్ రెడ్డిని హైదరాబాదు సన్‌రైజర్స్ జట్టు 2023 ఆటకాలమునకు 20 లక్షల రూపాయలకు తీసికొనెను. ఐ.పి.ఎల్. వేలములో నాడు అది కనీసపు వెల. 2024లో ఆతడు ఆ వెలకే 303 పరుగులు తీసి, వర్ధమాన క్రీడాకారునకిచ్చు బహుమానమును పొందెను. భాగించి చూడుడు. ఒక్కొక్క పరుగునకు పడిన వెల సుమారు 6,600 రూపాయలు. ఆ పిమ్మట జట్టువారు ఆతనిని 6 కోట్లకు నిలుపుకొనిరి. 2025లో ఆతడు తీసిన పరుగులు 182. ఇప్పుడు పరుగునకు పడిన వెల సుమారు 3 లక్షల 30 వేలు. వెల ముప్పది రెట్లు పెరిగెను. ఫలము అయిదింట మూడు వంతులకు దిగెను.

ఇందులో ఆటగాని దోషమేమియు లేదు. ఆ 6 కోట్లు 2024 నాటి ఆటకు కట్టిన వెల. వెల కట్టినది 2024 అక్టోబరులో. ఆతని ప్రక్క కండరమునకు గాయమైనది 2025 జనవరిలో. ఆ వేసవిలో ఆతడు బంతి వేసినది మిక్కిలి తక్కువ. బ్యాటుతోను బంతితోను రెండు పనులు చేయగలవానికి కట్టిన వెలకు దాదాపు ఒక్క పనియే లభించెను.

కబడ్డీలోను ఇట్టిదే కలదు. సిద్ధార్థ దేశాయి అను కూతగానిని 2018లో యు ముంబా జట్టు 36 లక్షల 40 వేలకు కొనెను. మరుసటి సంవత్సరము మన తెలుగు టైటన్స్ జట్టు ఆతనికై 1 కోటి 45 లక్షలు పెట్టెను. రెండు సంవత్సరములలోను ఆతడు కూతలో 200కు పైబడి పాయింట్లు తెచ్చెను. పని అంతే, వెల నాలుగింతలు. ఆతని కొరకు వెచ్చించిన సొమ్ముతో తక్కిన స్థానములను నింపుకొనవచ్చును గదా! 2019లో తెలుగు టైటన్స్ 12 జట్లలో 11వ స్థానమున నిలిచెను. దీనికి అదియొక్కటే కారణమని చెప్పజాలము గాని, లెక్కలో అదియును చేరును.

ఇక సముద్రము దాటి పోవుదము. నితీశ్ రెడ్డి 2024 డిసెంబరులో ఆస్ట్రేలియాపై 114 పరుగులు తీసిన మెల్‌బోర్న్ క్రికెట్ మైదానమునందే, వాడుకగా సెప్టెంబరు చివర, ఆ దేశపు ఫుట్‌బాలు ఆట తుదిపోటీ జరుగును. ఆ ఆట మనమెరిగిన ఫుట్‌బాలు కాదు. దాని నియమములు 1859లో మెల్‌బోర్నులోనే వ్రాయబడినవి. మైదానము కోడిగ్రుడ్డు ఆకారము, బంతియు అట్టిదే. ప్రక్కకు 18 మంది. బంతిని కాలితో తన్నవచ్చును, చేతితో పట్టవచ్చును, పిడికిలితో కొట్టి తోడివానికి అందింపవచ్చును. నడిమి రెండు స్తంభముల మధ్యకు తన్నిన 6 పాయింట్లు, ప్రక్క స్తంభముల నడుమకు పోయిన 1 పాయింటు.

ఆ ఆటను అనుసరించి అచ్చటివారు కాగితముమీద మరియొక ఆట ఆడుదురు. దానిని ఫాంటసీ అందురు. మనము ఊహాజట్టు అనుకొందము. ప్రతివానికిని ఉత్తుత్తి ధనము సమానముగా ఈయబడును. ఆ ధనముతో నిజమైన ఆటగాండ్రలో సుమారు ముప్పదిమందిని ఎన్నుకొని తన జట్టుగా వ్రాసికొనవలెను. వారు నిజముగా మైదానమున చేసిన పనికి పాయింట్లు వచ్చును: కాలితన్నునకు 3, గాలిలో బంతిని పట్టినచో 3, పిడికిలితో అందించినచో 2, ఎదుటివానిని పట్టి నిలిపినచో 4, గోలునకు 6. ఈ ఆట మన ఊరిలో ఎవరాడుచున్నారు, దీని గొడవ మనకేల యందురేమో. మన లెక్క శుద్ధముగా కనబడునది అచ్చటనే. వేలములో నలుగురు పోటీపడిన వెల పెరిగిపోవును. ఊహాజట్టులో వెల అందరికిని ఒక్కటే. ఆ వెలయు నిరుటి సగటునుబట్టియే ముఖ్యముగా నిర్ణయింపబడును. కనుక నిరుటికిని ఈ యేటికిని గల భేదమును ముందుగా కనిపెట్టినవాడే గెలుచును. వేరు నేర్పుతో పని తక్కువ.

వెలకు మించిన ఆటగాండ్రు మూడు తావుల దొరకుదురు. నిరుడు గాయపడి కొద్ది ఆటలే ఆడినవానికి వెల తగ్గించి వేయుదురు; ఆతడు స్వస్థుడై వచ్చినచో పాత బలము చవుకగా లభించును. క్రొత్తగా చేరిన పిన్నవాండ్రకు నిరుటి లెక్కయే లేదు గనుక వారి వెల అడుగున నుండును. అట్టివాడు వారము వారము బాగుగ ఆడినకొలది ఆతని వెలయు పెరుగును. అప్పుడు వానినిచ్చి పెద్దవానిని తెచ్చుకొందురు. దూడను కొని మేపి, కోడెయైన పిదప అమ్మునట్టి బేరమిది. ఆ దేశమువారును అట్టి ఆటగానిని ఆవుతోనే పోల్చుట వింతగా నున్నది. మూడవ తావు, నా తలంపున అన్నిటికంటె మేలైనది, పని మారిన ఆటగాడు. నిరుడు వెనుక వరుసలో ఒక మూల కాపు కాచినవానిని ఈ యేడు శిక్షకుడు మైదానము నడుమకు పంపెననుకొనుడు. ఆటగాడు మారలేదు; బంతి ఆతనికి దొరకు తావు మారినది. నిరుటి సగటునకు ఈ సంగతి తెలియదు.

ఆ సంగతి తెలియునది సన్నాహపు పోటీలలోనే. మార్చిలో అసలు ఆటకాలము ఆరంభమగుటకు ముందు జట్లు కొన్ని సన్నాహపు పోటీలు ఆడును. అప్పుడు తెలియనివారు పాయింట్ల పట్టిక చూతురు. తెలిసినవారు ఆటగాడు ఎచ్చట నిలిచెనో చూతురు. నడిమి వలయమున బంతి పైకెగురువేళ ఆతడు ఆ వలయములో ఎన్ని పర్యాయములుండెను? ఎంతసేపు ఆడించిరి? ముఖ్యముగా, ఆనాడు ఎవరు రాలేదు? జట్టులోని మేటి ఆటగాడు విశ్రాంతి గైకొన్ననాడు ఆతని తావున నిలిచి నూరు పాయింట్లు తెచ్చినవాడు, మేటివాడు తిరిగి వచ్చిన దినమున మరల మూలకు పోవును. పెద్ద ఆటగాండ్రు సన్నాహమున ఒడలు దాచుకొందురు. స్థానము కొరకు పోరాడు పిన్నవాండ్రు ప్రాణమొడ్డి ఆడుదురు. ఇరువురి పాయింట్లను ఒకే తక్కెడలో తూచిన తూకము తప్పును.

పట్టికను ఏల నమ్మరాదో మన చేలలోని లెక్కతో తెలియును. వేరుసెనగ విత్తనమునకు ధ్రువీకరణ ప్రమాణము నూటికి 70 మొలకలు. సరిగ్గా అట్టి విత్తనమునుండి పదింటిని తడి గోనెలో చుట్టి మొలకెత్తించినచో, ఏడే మొలచునని యెంచరాదు. తొమ్మిదియో పదియో మొలచుట ఏడు పర్యాయములలో ఒక పర్యాయము సంభవించును. అయిదో అంతకంటె తక్కువయో మొలచుటయు రమారమి అంతే. పదింటిని చూచి "ఇది నూటికి తొంబది విత్తనము" అని ఎక్కువ వెల పెట్టినవాడు అదృష్టమును కొనెను గాని విత్తనమును కొనలేదు. నూరు గింజలతో పరీక్షించినచో 70 మొలక విత్తనము 90 మొలచుట దాదాపు అసంభవము. రెండు సన్నాహపు పోటీలు రెండు గింజల వంటివి.

దీనికొక సులువైన సవరణ కలదు. పైతరగతి విద్యార్థులు చేయదగినది. ఒకని నిరుటి సగటు 14 ఆటలలో 25 పరుగులనుకొనుడు. ఈ యేటి రెండు సన్నాహపు ఆటలలో సగటు 60. 14ను 25చే హెచ్చింపగా 350. 2ను 60చే హెచ్చింపగా 120. మొత్తము 470ని 16చే భాగింపగా 29 మించి స్వల్పము. అనగా ఆతనినుండి ఆశింపదగినది 60 కాదు, 29. అయితే ఆతడు నిరుడు ఏడవవాడుగా దిగి, ఈ యేడు మొదటివాడుగా దిగుచున్నచో? అప్పుడు నిరుటి 14 ఆటలును వేరొక పనికి సంబంధించినవి. వాటి బరువు తగ్గింపవలెను. కారణము లేని అంకెను వెనుకకు లాగుడు. కారణమున్న అంకెకు చోటిండు. నేర్పంతయు ఇందే కలదు.

పరీక్షించిన చేనును తెలిసికొనవలెను. ఆంధ్ర జట్టు బ్యాటరు రికీ భుయి 2023–24 రంజీ పోటీలలో 902 పరుగులు తీసి దేశమంతటికిని మొదటివాడయ్యెను. ఆ వేసవియందే ఐ.పి.ఎల్.లో ఢిల్లీ పక్షమున ఆడుటకు ఆతనికి లభించినవి రెండే ఆటలు. నాలుగు దినముల ఆటలో ఓర్పు ఫలించును. ఇరువది ఓవర్ల ఆటలో త్వర ఫలించును. బండికి బాగుగ నడిచిన ఎద్దు నాగలికిని అట్లే నడచునని చెప్పజాలము.

అయినను రంజీ ఆటను చూచి సరిగా కొన్నవారును కలరు. హైదరాబాదులో ఆటోరిక్షా నడుపువాని కుమారుడు మహమ్మద్ సిరాజ్. 2016–17 రంజీ పోటీలలో ఆతడు 41 వికెట్లు తీసెను. వికెట్టునకు ఇచ్చిన పరుగులు సగటున 19కి లోపే. 41 వికెట్లు రెండు గింజల పరీక్ష కాదు, ఆటకాలమంతయు నిలిచిన పరీక్ష. పైగా వేగముగా బంతి వేయువాని బలము ఏ ఆటకైనను కొంత వెంటవచ్చును. 2017 వేలములో ఆతని ఆరంభపు వెల 20 లక్షలు. హైదరాబాదు జట్టు 2 కోట్ల 60 లక్షలకు కొనెను. పేరు తెలియనివానికి అంత వెలయా యని నాడు అనుకొన్నవారు కలరు. ఆ వేసవిలో ఆతడు ఆరు ఆటలలో 10 వికెట్లు తీసెను. 2024 నవంబరు వేలములో గుజరాతు జట్టు ఆతనికి పెట్టినది 12 కోట్ల 25 లక్షలు. కొనువాని కన్ను తప్పినచో నష్టపడునది యజమాని సొమ్మొక్కటే కాదు. అట్టి ఇంటి పిల్లవాడు మరియొక వత్సరము ఇంటివారిచేత "ఈ ఆట చాలును, పని చూచుకొనుము" అనిపించుకొనవలసి వచ్చును.

ఆ 2024 వేలముననే రిషభ్ పంతుకు లక్నో జట్టు 27 కోట్లు పెట్టెను, ఐ.పి.ఎల్.లో అంతవరకు ఎవరికిని అంత వెల పలుకలేదు. వైభవ్ సూర్యవంశి యను 13 ఏండ్ల బాలునికి రాజస్థాను జట్టు 1 కోటి 10 లక్షలు పెట్టెను. 2025లో పంతు 14 ఆటలలో 269 పరుగులు తీసెను. బాలుడు 7 ఆటలలో 252 తీసెను. పరుగునకు వెల కట్టినచో అచ్చట సుమారు 10 లక్షలు, ఇచ్చట సుమారు 44 వేలు. పంతు జట్టు నాయకుడు, వికెట్ల వెనుక నిలుచువాడు. ఆ పనులు పరుగుల లెక్కలో రావని మరువరాదు. బాలుని విషయమున ముందరి గురుతు ఏమనగా, వేలమునకు కొలది వారముల ముందు చెన్నపట్టణమున ఆస్ట్రేలియా యువజట్టుపై ఆతడు 58 బంతులలో నూరు పరుగులు చేసియుండెను. అది ఒక్క గింజయే. రాజస్థానువారు దానికి పెట్టిన వెలయు ఒక్క గింజకు తగినంతయే గాని, బస్తాకు తగినంత కాదు. అందుచేతనే ఆ బేరము మంచిది.

తల్లిదండ్రుల కొక మాట. ఊహాజట్లపై సొమ్మొడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులో పార్లమెంటు శాసనము చేసెను. ఫోనులో ఎవరేమి ఆశ చూపినను పిల్లలను దాని దరికి పోనీయకుడు. ఈ లెక్కకు సొమ్ముతో పని లేదు. వచ్చు వేసవి ఆటలకు ముందు విద్యార్థులు నోటు పుస్తకమున నాలుగు గడులు గీసికొని, మొదటి గడిలో ఆటగాని పేరు, రెండవదానిలో వెల, మూడవదానిలో నిరుటి ఆటలును సగటును వ్రాసికొనుడు. నాలుగవ గడిలో ఈ యేడు ఆతని పనిలోగాని ఆరోగ్యములోగాని వచ్చిన మార్పును వ్రాయుడు. మార్పేమియు కనబడనిచో ఆ గడిని ఖాళీగా విడువుడు. ఎక్కువమంది విషయమున అది ఖాళీగానే యుండును.